మాల వేస్తే మందు మానేస్తాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కార్తీకం దగ్గర పడిందంటే మా డీ-అడిక్షన్ సెంటర్ ఫోన్‌కి ఒకటే ప్రశ్న: "మాల వేయిస్తున్నాం మేడమ్, ఇంక మీ దగ్గరికి తీసుకురానక్కర్లేదు కదా?" కౌన్సెలర్‌గా పద్నాలుగేళ్లుగా వింటున్నాను. ఓపిక తగ్గింది, అందుకే రాస్తున్నాను.

అపోహ: దీక్ష పడితే చాలు, డాక్టర్ అవసరం లేదు.

ఎప్పుడో పండక్కి తాగేవాడి సంగతి వేరు. పొద్దున్నే చేతి వణుకు ఆగడానికి క్వార్టర్ వేసుకునే మనిషి ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోలేదు. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. డెలిరియమ్ ట్రెమెన్స్ అంటాం. వైద్యం అందకపోతే ప్రాణాలే పోవచ్చు.

ఒక ఏడాది ఒకాయన్ని మాల వేసిన మూడో రాత్రి ఆటోలో తెచ్చారు. నల్ల పంచె చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు. "నిన్న సాయంత్రం నుంచి స్వామి ఒంటి మీదికి వచ్చారండీ, హారతులిస్తున్నాం" అంది భార్య. రోజంతా హారతులిచ్చారు! కానీ ఆమెనేమనగలం? ఆయన తాగుడు మానాలని ఆమె మొక్కని దేవుడు లేడు. ఇన్నాళ్లకి ఒకరు పలికారనుకుంది. ఆయన బతికాడు. అందరూ బతకరు.

మాల వేయించండి, వద్దనను. కానీ రెండు వారాల ముందే సైకియాట్రిస్టుకి చూపించండి. మందు ఆపినా ఒళ్లు తట్టుకునేలా చేసే డీటాక్స్ మాత్రలు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు అయ్యాక మాల వేస్తే దీక్షకి వచ్చిన లోటేమీ లేదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్.

దీక్ష ఉత్తదేం కాదు. 41 రోజులు చుక్క ముట్టనివాళ్లను ఎందరినో చూశాను. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, పదిమందితో కలిసి భిక్ష, కట్టుకున్న భార్యతో సహా అందరూ "స్వామీ" అని పిలవడం. ఆ బట్టల్లో బార్ ముందు నిలబడితే అడిగేవాడుంటాడు. మాల తీయగానే ఇవన్నీ ఒక్కసారే పోతాయి. 42వ రోజు సాయంత్రం ఆయన ఎక్కడ కూర్చోవాలి? దాని గురించి ఎవరూ ఆలోచించరు.

అపోహ: ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగులు భక్తులకే.

1939లో ఏఏ వాళ్లు తాగుడు నుంచి బయటపడే తమ పన్నెండు మెట్లు అచ్చు వేసినప్పుడే 'దేవుడు' అన్న మాటకి "మేం అర్థం చేసుకున్న విధంగా" అని తగిలించారు. వాళ్లలో ఉన్న నాస్తికులు ఊరుకోలేదు మరి. చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. నేను వెళ్లే, బయటివాళ్లూ రాదగ్గ ఓపెన్ మీటింగ్‌కి ఒక రిటైర్డ్ కండక్టర్ గారు వస్తారు, ఎర్రజెండా మనిషి. "నాకు దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. ఈ ఏడింటి మీటింగే నా పెద్దదిక్కు" అంటారు. పన్నెండేళ్లుగా ముట్టలేదు.

అపోహ: ఒట్టు తప్పినవాడు పాపి.

కాదు, జబ్బు తిరగబెట్టింది, అంతే. పాపమంటే సిగ్గుతో గుడికీ రాడు, మా దగ్గరికీ రాడు, ఇంకో క్వార్టర్ ఎక్కువ తాగుతాడు. ఇక పసరు పోయించడం అంటారా, అందులో ఏముందో మీకు తెలియదు. వద్దు.

చీమలు ఏరినాయన మరుసటి ఏడు దసరాకే వచ్చి అడ్మిట్ అయ్యాడు, ఆ తర్వాతే మాల వేశాడు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం అరవణ డబ్బా పట్టుకుని నేరుగా మీటింగ్‌కి వచ్చాడు. కండక్టర్ గారు చెయ్యి చాపి, "ప్రసాదమని కాదు, పాయసమని తింటున్నా" అన్నారు. కాసేపాగి ఇంకో చెంచా అడిగారు.