ఒకే బ్యాటరీకి రెండు ధరలు

2017 మే నెలలో విద్యుత్ కార్లు తయారుచేసే అమెరికా కంపెనీ టెస్లా తన రెండు కార్లను పోలుస్తూ ఒక పట్టికను ప్రకటించింది. కొత్త కారు వస్తోందంటే ఏ కంపెనీ అయినా దాన్ని ఆకాశానికెత్తుతుంది. ఈ పట్టిక మాత్రం రాబోయే మోడల్ 3 అప్పటికే ఉన్న మోడల్ ఎస్ కంటే ఎందులో తక్కువో చెప్పడానికే తయారైంది. గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి మోడల్ ఎస్‌కు 2.3 సెకన్లు చాలు, మోడల్ 3కు 5.6 సెకన్లు కావాలి. సామాన్లకు ఒకదానిలో 30 ఘనపుటడుగుల చోటు, రెండోదానిలో 14. కొనేవారు ఎంచుకోగల కూర్పులు అక్కడ 1,500 పైచిలుకు, ఇక్కడ వందలోపు. పేరులోని 3 అంకెను చూసి, ఇది మోడల్ ఎస్ తరువాతి తరం కారని జనం అనుకుంటారేమో, ఖరీదైన కారును వదిలేసి 35,000 డాలర్ల కారు కోసం కాచుకొని కూర్చుంటారేమో అన్నది కంపెనీ భయం. అంతకు రెండు నెలల ముందే కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్, మోడల్ 3 చిన్నదనీ చౌకైనదనీ, మెరుగైన సాంకేతికత మోడల్ ఎస్‌లోనే ఉందనీ బహిరంగంగా చెప్పారు.

ఆ చివరి మాట ఎంతవరకు నిజమో చూడాలంటే కారు అడుగుభాగంలోకి తొంగిచూడాలి.

పెట్రోలు కార్లలో హోదాను ఇంజనే నిర్ణయిస్తుంది. నాలుగు సిలిండర్ల బండికీ ఎనిమిది సిలిండర్ల బండికీ ఉన్న తేడా శబ్దంలోనూ, కుదుపులోనూ, లాగే తీరులోనూ కళ్లు మూసుకొని కూర్చున్నా తెలిసిపోతుంది. విద్యుత్ మోటారు అలా కాదు, చవక కారులో ఉన్నదైనా చప్పుడు లేకుండా, గేర్లు మార్చే పని లేకుండా, కదిలిన మొదటి క్షణం నుంచే పూర్తి బలంతో లాగుతుంది. కాబట్టి విలాసాన్ని వేరేచోట చూపించుకోవలసి వచ్చింది. మోడల్ ఎస్ శరీరం చాలావరకు అల్యూమినియం. మోడల్ 3లో ఉక్కు, అల్యూమినియం కలగలిసి ఉంటాయి. మొదటిదానికి ఎయిర్ సస్పెన్షన్ (కుదుపులను గాలి తిత్తులతో ఆపే ఏర్పాటు), రెండోదానికి మామూలు స్ప్రింగులు. తొలినాటి మోడల్ ఎస్‌లో నిలువుగా 17 అంగుళాల తెర, అది కాక స్టీరింగు వెనక మీటర్లు చూపే మరో తెర ఉండేవి. మోడల్ 3లో మధ్యన అడ్డంగా ఒకే 15 అంగుళాల తెర ఉండటం వల్ల, ఎంత వేగంతో పోతున్నామో తెలియాలంటే చూపు పక్కకు తిప్పవలసిందే.

ఇవన్నీ కంటికి కనబడే తేడాలు. కనబడని చోట లెక్క తిరగబడింది. మోడల్ ఎస్ 2012లో రోడ్డెక్కింది, మోడల్ 3 2017లో వచ్చింది. మధ్యలోని ఐదేళ్లలో నేర్చుకున్నదంతా చౌక కారులోకే వెళ్లింది. మోడల్ ఎస్ 85 రకం బ్యాటరీ ప్యాక్‌లో 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవున్న సెల్స్ (గొట్టాల్లాంటి చిన్న బ్యాటరీలు) 7,104 ఉంటాయి, వాటిని 16 మాడ్యూళ్లుగా, అంటే కట్టలుగా, కూర్చారు. మోడల్ 3 లాంగ్ రేంజ్ (ఎక్కువ దూరం వెళ్లే రకం) ప్యాక్‌లో 21 మిల్లీమీటర్ల మందం, 70 మిల్లీమీటర్ల పొడవున్న సెల్స్ 4,416 మాత్రమే, నాలుగు మాడ్యూళ్లలో సర్దుకున్నాయి. ఒక్కో సెల్ పరిమాణం దాదాపు ఒకటిన్నర రెట్లు అయినందువల్ల అతుకులు తగ్గాయి, తొడుగులకు పోయే లోహం తగ్గింది, వాటితోపాటు ఖర్చూ తగ్గింది.

మోటారు సంగతీ అంతే. అప్పటి మోడల్ ఎస్‌లో ఉన్నది ఇండక్షన్ మోటారు. అందులో తిరిగే భాగమైన రోటర్‌కు సొంత అయస్కాంతాలు ఉండవు. అందులో కరెంటు ప్రేరేపితమై అయస్కాంతత్వం పుట్టాలి, ఆ కరెంటులో కొంత వేడిగా మారి వృథా అవుతుంది. మోడల్ 3 వెనక చక్రాలను తిప్పే మోటారు రోటర్‌లో శాశ్వత అయస్కాంతాలే ఉండటం వల్ల ఆ వృథా లేదు. బ్యాటరీ నుంచి వచ్చే డీసీ కరెంటును మోటారుకు కావలసిన ఏసీగా మార్చే ఇన్వర్టర్‌లో, మామూలు సిలికాన్‌కు బదులు తక్కువ శక్తిని వృథా చేసే సిలికాన్ కార్బైడ్ ట్రాన్సిస్టర్లను వాడారు. ఫలితం 2018 నాటి అమెరికా ప్రభుత్వ పరీక్షల అంకెల్లో కనిపిస్తుంది: వంద కిలోమీటర్లు నడవడానికి మోడల్ ఎస్ 100డీ సుమారు 20 యూనిట్లు తీసుకుంటే, మోడల్ 3 లాంగ్ రేంజ్‌కు 16 సరిపోయాయి (మన ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లే ఇవి). బరువులో దాదాపు అయిదు వందల కిలోల తేడా ఉందన్నది ఒప్పుకోవలసిన మాటే కానీ, ఆదా అంతా బరువు వల్ల వచ్చింది కాదు. 2019లో ఖరీదైన మోడల్ ఎస్‌కు కూడా శాశ్వత అయస్కాంత మోటారు, సిలికాన్ కార్బైడ్ ఇన్వర్టర్ అమర్చారు. చిన్నకారు నుంచి పెద్దకారు అరువు తెచ్చుకుందన్నమాట.

సామగ్రిలో తేడా ఇంతగా చెరిగిపోతే ధరలో తేడాను నిలబెట్టేదేమిటి? ఇక్కడ సాఫ్ట్‌వేర్ రంగంలోకి దిగుతుంది. 2016లో అమ్మిన మోడల్ ఎస్ 60 కారులో నిజానికి 75 యూనిట్లు పట్టే బ్యాటరీనే ఉండేది. 60 దాటి వాడుకోకుండా సాఫ్ట్‌వేర్ అడ్డుకునేది; మొదట్లో దాదాపు 9,000 డాలర్లు కడితే ఆ అడ్డు తొలగేది. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను ఫ్లోరిడా మీదికి వస్తున్నప్పుడు, ఊళ్లు ఖాళీ చేసి వెళ్తున్న వారికోసం ఆ ప్రాంతంలోని ఇలాంటి కార్లన్నిటికీ టెస్లా కొద్ది రోజులపాటు ఆ తాళం తీసింది. ఒక్క బోల్టు విప్పకుండా, ఎవరూ కారు దగ్గరికి వెళ్లకుండా, కార్లకు సుమారు యాభై కిలోమీటర్ల అదనపు పరుగు సమకూరింది. తుఫాను వెళ్లాక తాళం మళ్లీ పడింది. అదివరకు తెలిసిన విషయమే అయినా, తమ కారు కింద మోసుకు తిరుగుతున్నది ఏమిటో చాలామందికి అప్పుడే మనసుకు పట్టింది.

దీన్ని మోసమనలేము, కొన్నవాడు 60కే డబ్బు కట్టాడు, 60 పొందాడు. పైగా బ్యాటరీని అంచుదాకా నింపడం ఉండదు గనుక అది త్వరగా అరగదు. కంపెనీకి రెండు రకాల ప్యాకులు తయారుచేసే ఖర్చు తప్పుతుంది. అయినా, ఎన్నడూ వాడని బ్యాటరీ బరువును రోజూ మోయడానికి కొంత కరెంటు ఖర్చవుతుందన్నది మాత్రం ఏ ప్రకటనలోనూ కనబడదు.

నిజంగా పదార్థంలోనే తేడా ఉన్న సందర్భం 2020లో వచ్చింది. షాంఘైలో తయారయ్యే చౌక మోడల్ 3లో నికెల్, కోబాల్ట్ లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ పెట్టడం మొదలుపెట్టారు. అదే బరువుకు వీటిలో నిలిచే శక్తి తక్కువ, చలిలో ఇవి త్వరగా మందగిస్తాయి. కానీ పూర్తిగా నింపినా ఇవి నికెల్ సెల్స్ దెబ్బతిన్నంతగా దెబ్బతినవు. ఖరీదైన ప్యాక్ కొన్నవారికి రోజువారీ వాడకంలో 80 శాతం దగ్గర ఆపమని సలహా ఇచ్చే టెస్లాయే, వీటిని వారానికోసారైనా నూరు శాతం నింపమంటుంది. ఛార్జి తగ్గుతున్నా ఈ సెల్స్ వోల్టేజి చాలాసేపు మారకుండా ఉంటుంది, అందువల్ల అప్పుడప్పుడు నిండుగా నింపితే తప్ప ఎంత మిగిలిందో కారు కంప్యూటర్‌కు సరిగా అంచనా అందదు. ఆ విధంగా చౌక కారు యజమాని తన బ్యాటరీని మొత్తం వాడుకుంటాడు, పక్కింటి ఖరీదైన కారు యజమాని ఐదో వంతును పక్కన పెడతాడు.

2025 అక్టోబరులో అమెరికాలో వచ్చిన మోడల్ వై స్టాండర్డ్ (టెస్లాదే మరో కారైన మోడల్ వైలో చౌక రకం) ఈ మొత్తం వ్యవహారాన్ని మరో మెట్టు ఎక్కించింది. వెనక సీటు ముందున్న తెర పోయింది, సీట్లకు గుడ్డ వచ్చింది, లేన్‌లో తానే స్టీరింగు తిప్పుకునే సదుపాయం పోయింది. గాజు పైకప్పు మాత్రం పోలేదు. కొత్త రకం పైకప్పు చేయించడం కంటే అదే గాజు బిగించడం చౌక కాబోలు. కానీ లోపల కూర్చున్నవారికి ఆకాశం కనబడకుండా దాని కింద గుడ్డ పరిచారు. ఫ్రెంచి ఇంజనీరు, ఆర్థికవేత్త జూల్ డ్యుపుయి 1849లోనే రైలు కంపెనీల గురించి సరిగ్గా ఈ సంగతే రాశాడు: మూడో తరగతి పెట్టెలకు పైకప్పు వేయకపోవడానికి కారణం దానికయ్యే కొన్ని వేల ఫ్రాంకులు కావు, రెండో తరగతి టికెట్టు కొనగలిగినవాడు మూడో తరగతిలో ఎక్కకుండా చూడటం. అక్కడ పైకప్పు వేయలేదు, ఇక్కడ వేసి కప్పేశారు.

భారతదేశంలో చౌక కారుకూ ఖరీదైన కారుకూ మధ్య గీసిన ఈ గీతలన్నీ పన్ను దెబ్బకు చెదిరిపోయాయి. 2025 జూలైలో ముంబయిలో తొలి షోరూం తెరిచినప్పుడు షాంఘై నుంచి దిగుమతైన మోడల్ వై ధర 59.89 లక్షల రూపాయల నుంచి మొదలైంది. అది చైనాలో అదే కారుకున్న ధరకు దాదాపు రెట్టింపు. తన దేశంలో మధ్యతరగతి కోసం ఖర్చు తగ్గించి రూపొందించిన కారు, దిగుమతి సుంకం పుణ్యమా అని ఇక్కడ జర్మన్ విలాస కార్ల వరుసలో నిలబడింది.