ఊసులకు ఊ కొట్టే వేళ

తెలుగిళ్ళలో పసిపాప ఎదుగుదలను పిండివంటలతో లెక్కపెట్టే ఆనవాయితీ ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతారు. ఈ వరుసలో నవ్వే ముందుండటం నాకెంతో సబబుగా తోస్తుంది, ఎందుకంటే బిడ్డ ఎదుటి మనిషిని గుర్తించి బదులివ్వడం అక్కడే తొలిసారి స్పష్టంగా కనిపిస్తుంది.

పుట్టిన తొలివారాల్లో నిద్రలో బిడ్డ పెదవులు విచ్చుకుంటే దేవుడు నవ్విస్తున్నాడంటారు పెద్దలు. ఆ నవ్వు మనల్ని చూసి వచ్చింది కాదన్న ఎరుక ఆ మాటలోనే ఉంది. మనిషి ముఖం చూసి నవ్వే నవ్వు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. 1839 డిసెంబరులో పుట్టిన తన మొదటి కొడుకు గురించి రాసిపెట్టుకున్న విషయాలతో చార్లెస్ డార్విన్ 1877లో ‘మైండ్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ బిడ్డ 45వ రోజున, మరో బిడ్డ 46వ రోజున నవ్వారనీ, కళ్ళు మెరిసి రెప్పలు కాస్త మూతపడ్డాయి కనుక అవి నిజమైన నవ్వులేననీ, ఎక్కువగా తల్లిని చూస్తున్నప్పుడే వచ్చాయనీ అందులో రాశాడు. ఏ పరికరమూ లేకుండా, ఓపికగా చూడటం వల్ల దొరికిన సంగతులివి.

మా అక్క మనవరాలికి రెండు నెలలు దాటిన రోజుల్లో కొన్ని ఉదయాలు నేనూ అలా చూస్తూ కూర్చున్నాను. అక్క పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పాపను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒంటికి నూనె రాస్తూ, “ఏమ్మా బంగారూ, రాత్రి అమ్మను నిద్రపోనిచ్చావా?” అని అడిగి ఆగేది. పాప కాళ్ళాడించడం మానేసి, ఆమె ముఖంలోకి చూసి, పెదవులు సున్నాలా చుట్టి, ఎంతో ప్రయాసపడి “ఊ...గ్” అనేది. “అవునా, పోనివ్వలేదూ!” అని అక్క మళ్ళీ ఆగేది. ఎవరూ నేర్పకుండానే ఆమె ప్రతి మాట తర్వాతా పాప వంతు కోసం చోటు వదిలేది.

1970లలో మేరీ కేథరిన్ బేట్సన్, కోల్విన్ ట్రెవార్థెన్ వంటి పరిశోధకులు తల్లీబిడ్డల చలనచిత్రాలను నిశితంగా పరిశీలించి చూపినది సరిగ్గా ఈ వంతులనే. మాటలు రాకముందే సంభాషణ నడక బిడ్డకు పట్టుబడుతుంది. మనం ‘ఊసులు చెబుతోంది’ అనేది ముద్దుకోసం మాత్రమే కాదు, ఆ మాటలో నిజముంది.

ఎదుటివారు బదులివ్వకపోతే ఏమవుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ బృందం 1978లో ప్రచురించిన ప్రయోగం చూపింది. కాసేపు ఆడించిన తల్లి హఠాత్తుగా ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డనే చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ మొదట ఆమెను మళ్ళీ కదిలించడానికి తన ప్రయత్నం తాను చేస్తుంది, తర్వాత నవ్వు మాని ముఖం తిప్పేసుకుంటుంది. దీన్ని చదివి పనిలో పడి కాసేపు పలకని తల్లులు భయపడనక్కరలేదు, ఏ ఇంట్లోనైనా అలాంటి ఎడబాట్లు వస్తాయి, మళ్ళీ కలుపుకోవడమూ జరుగుతుంది. కానీ కాన్పు తర్వాత తల్లి వారాల తరబడి దిగులుగా, నిర్లిప్తంగా ఉంటే అది చికిత్స అవసరమైన జబ్బు కావచ్చు. బిడ్డను చూసే కళ్ళు తల్లినీ చూడాలని నేను గట్టిగా అంటాను.

నెలల లెక్కలో మాత్రం తొందరపాటు తగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన వివరాల ప్రకారం, సాయం లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వయసును కాన్పు రావలసిన తేదీ నుంచి లెక్కించాలి. అయితే మూడు నెలలు నిండినా ముఖాలు చూసి నవ్వకపోయినా, కదిలేవాటి వెంట చూపు తిప్పకపోయినా పిల్లల వైద్యునికి చూపించాలి.

మనం తరచూ పొరబడేది పాప చూపు తిప్పుకున్నప్పుడు. ఉత్సాహం తట్టుకోలేనంత అయితే పక్కకు చూడటం ఆ వయసు బిడ్డ సేదతీరే పద్ధతి. ఒకరోజు నాలుగేళ్ళ అన్న గిలక్కాయ ఆడిస్తుంటే పాప గోడవైపు తల తిప్పేసుకుంది. వాడు అటు పరుగెత్తి ఇంకా గట్టిగా ఆడించబోయాడు. “ఆగరా నాన్నా, కాస్త ఊపిరి తీసుకోనీ” అంది అక్క. వాడు గిలక్కాయను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి పాప తనంతట తానే తల ఇటు తిప్పి, వాడిని వెతుక్కుని, “ఊ” అంది.