ఆర్‌సీసీబీ ఊరికే పడిపోదు: ఇంటి కరెంటు గురించి అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ఎండలు ముదిరి, కూలర్లు అటకల మీద నుంచి దిగే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: "మెయిన్ దగ్గరున్న ఆ పెద్ద స్విచ్ ఊరికే పడిపోతోందండీ, దాన్ని తీసేసి డైరెక్ట్‌గా కలిపేయండి." ఆ పెద్ద స్విచ్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారి తప్పి లీకైతే సరఫరాను ఆపేసే పరికరం. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్న నేను అది నిజంగా కారణం లేకుండా పడిపోవడాన్ని చూసిన సందర్భాలు బహు తక్కువ. తీసేయడం మాత్రం పది నిమిషాల పని కాబట్టి, నేను కాదంటే ఆ సాయంత్రానికే ఇంకెవరో వచ్చి ఆ పని చేసి వెళ్తారు.

ఈ అడగడం వెనుక ఉన్న అపోహ, ఎంసీబీలు (ఒక్కో సర్క్యూట్‌కు పెట్టే చిన్న ఆటోమేటిక్ స్విచ్‌లు) ఉన్నాయి కాబట్టి అవి చాలునన్నది. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ, తన గుండా అంతకు మించిన కరెంటు కొంతసేపు పారినప్పుడో, షార్ట్ అయినప్పుడో మాత్రమే పడుతుంది. తడి చేతుల మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర ఒంట్లోంచి పోయే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పి ప్రాణం పోవడానికి అది చాలు. ఎంసీబీకి మాత్రం ఇంట్లో ఒక పాత సీలింగ్ ఫ్యాను తిరుగుతున్నట్టే లెక్క, అది కదలదు. ఆర్‌సీసీబీ చూసేది వేరు: ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అన్నదే దాని ధ్యాస. ఇళ్లలో వాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, 230 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే 40 మిల్లీ సెకన్ల లోపే పడిపోవాలి. ఒక చేత్తో ఫేజ్‌ను, రెండో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవాణ్ణి అది కాపాడలేదన్నది నిజమే. ఇళ్లలో తగిలే షాకుల్లో ఎక్కువ భాగం అలాంటివి కావు. తడి నేల మీద నిలబడి ఏదో ఒక ఇనుప వస్తువును ముట్టుకున్నప్పుడు తగిలేవి.

"మాకు ఎర్త్ గొయ్యి ఉంది, ఉప్పూ బొగ్గూ వేయించాం" అని ధీమాగా చెప్పేవారూ ఉన్నారు. ఎర్త్ తప్పనిసరి, కాదనను. కానీ అదొక్కటే చాలదు. ఆ గొయ్యి నిరోధం 10 ఓమ్‌లు ఉందనుకోండి. గీజర్ ఒంటికి ఫేజ్ తగిలితే నేలలోకి పారేది 23 ఆంపియర్లకు మించదు. 20 ఆంపియర్ల ఎంసీబీ ఆ కాస్త అదనాన్ని గంటసేపు కూడా భరించగలదు, 32 ఆంపియర్ల మెయిన్‌కు అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ సేపంతా గీజరూ, దానికి కలిసిన కుళాయీ కరెంటుతోనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మట్టి ఎండి ఆ నిరోధం ఇంకా పెరుగుతుంది. మన పెద్దలు ఎర్త్ గొయ్యిలో బిందెడు నీళ్లు పోయించేవారంటే అది చాదస్తం కాదు.

మరి పడిపోతున్నప్పుడు ఏం చేయాలి? ముందుగా ప్లగ్గులన్నీ ఊడదీసి, ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీని ఎత్తాలి. ఆపైన ఎంసీబీలను ఒక్కొక్కటిగా ఎత్తుతూ వెళ్తే, ఏది ఎత్తగానే పడిందో తప్పు ఆ సర్క్యూట్‌లో ఉన్నట్టు. అన్నీ నిలబడితే వస్తువులను ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. నా అనుభవంలో మొదటి అనుమానం గీజర్ ఎలిమెంటు మీదకు, తర్వాత కూలర్ పంపు మీదకు పోవాలి. ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే, న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌ను తాకుతోందేమో చూడాలి, ఎందుకంటే సింగిల్ పోల్ ఎంసీబీలు న్యూట్రల్‌ను విడదీయవు. దీనికి మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్‌ను కొలిచే పరికరం) కావాలి, ఓపికా కావాలి.

సత్యనారాయణపురంలో ఒక ఇంట్లో ఇన్వర్టర్ పెట్టిన రోజు నుంచి ఆర్‌సీసీబీ రోజుకు రెండు మూడుసార్లు పడేది. నా కంటే ముందు వచ్చిన ఇద్దరూ "కంపెనీ బాగాలేదు" అన్నారట. తప్పు కంపెనీది కాదు. ఇన్వర్టర్ పెట్టినవారు ఒక గది లైట్లకు ఫేజ్‌ను ఆర్‌సీసీబీ తర్వాత నుంచి తీసుకుని, న్యూట్రల్‌ను దాని ముందు నుంచి కలిపారు. ఆ గదిలో లైటు వేసినప్పుడల్లా వెళ్లిన కరెంటు తిరిగి రానట్టు ఆర్‌సీసీబీకి కనిపించేది. ఒక్క వైరు మార్చాక ఇక పడలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ను ముంచెత్తి తగ్గాక, ఆర్‌సీసీబీని తీసేయమన్న ఇదే మాటను పదే పదే విన్నాను. రోజుల తరబడి చీకట్లో ఉన్న కుటుంబాలు "ఎలాగోలా వెలిగించండి" అంటే కోపం ఎలా వస్తుంది? అయినా వైర్లు పోయే పైపుల్లో బురద, తడి అలాగే ఉన్న ఇంట్లో ఆర్‌సీసీబీని తప్పించి కరెంటు ఇవ్వడానికి నాకు చేయి రాలేదు. నీళ్లలో మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు, స్విచ్‌లు ఆరబెట్టి వాడేవి కావు, మార్చవలసినవే. వైర్లను మాత్రం మెగ్గర్‌తో కొలిచి, ఇన్సులేషన్ ఒక మెగాఓమ్‌కు తగ్గని సర్క్యూట్లను ముందుగా, ఒక్కొక్క గదికి ఇస్తూ వచ్చాం.

నా ఇంటి సంగతీ చెప్పుకోవాలి. గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ గ్రైండర్‌ను ముట్టుకుంటే చేయి జిల్లుమంటోందని, నాకు చెప్పకుండా ఏళ్ల తరబడి చెక్క పీట వేసుకుని దాని మీద నిలబడి రుబ్బింది. ఒకసారి పండక్కి వెళ్లినప్పుడు ఆ పీట ఎందుకని అడిగితే బయటపడింది. ప్లగ్ విప్పి చూస్తే ఆకుపచ్చ ఎర్త్ వైరు ఎక్కడా కలపకుండా మడిచి పెట్టి ఉంది. ఊళ్లోవాళ్ల ఎర్త్‌లు చూసిపెట్టే నాకు ఆ పూట అన్నం సహించలేదు. వస్తువు జిల్లుమనడం తడి వల్లో, వాతావరణం వల్లో వచ్చేది కాదు; ఆ వస్తువును ఆపి చూపించుకోవాలి.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఎంసీబీ పడుతోందని పెద్దది వేయించకండి, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, గోడలో ఆ వైరే ఫ్యూజు అవుతుంది. టెస్టర్ వెలగలేదని కరెంటు లేదనుకోవద్దు. స్టూలు మీద నిలబడి పెడితే అది వెలగకపోవచ్చు. సాకెట్‌లోని రెండు రంధ్రాల్లోనూ వెలిగితే ఎక్కడో న్యూట్రల్ తెగి ఉండవచ్చు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ అలంకారం కాదు. నెలకోసారి నొక్కి, పడకపోతే మార్పించండి. బల్బులన్నీ ఉన్నట్టుండి తెల్లగా మండిపోతూనో, మసకబారుతూనో ఉంటే బయట న్యూట్రల్ వదులైందని అనుమానించి, వెంటనే మెయిన్ దించి 1912కు ఫోన్ చేయండి. స్తంభం మీది పని లైన్‌మన్‌ది. అక్కడికి మీరూ ఎక్కకూడదు, నేనూ ఎక్కను.