మెరక, తల నరకడం, పచ్చమట్టలు: డెల్టా చెట్లపై అపోహలు – వాస్తవాలు

గోదావరి డెల్టా పల్లపు నేల. ఇల్లయినా, కల్యాణ మండపమైనా కట్టే ముందు ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేయక తప్పదు. ఆ స్థలంలో ఉన్న పాత మామిడినో, వేపనో కొట్టకుండా ఉంచుకునే యజమానులంటే నాకు గౌరవం. రెండు మూడేళ్ళకు ఆ చెట్టు పైనుంచి ఎండుతుంటే మందు అడగడానికి వచ్చేదీ వాళ్ళే. చెట్ల సంరక్షణ చేసే ఈ వృత్తిలో నన్ను ఎక్కువగా బాధపెట్టే సందర్భం అదే.

అపోహ: చెట్టు మొదలు చుట్టూ ఎంత మట్టి పోస్తే అది అంత గట్టిగా నిలుస్తుంది.

వాస్తవం: నీటిని, పోషకాలను పీల్చే సన్నని వేళ్ళలో అధిక భాగం నేల పైపొరలోనే, సుమారు 45 సెంటీమీటర్ల లోపే ఉంటాయి. వాటికి నీటితో పాటు గాలి కూడా కావాలి. అసలే బిగువైన ఒండ్రు నేల మీద రెండడుగుల మట్టి పడితే ఆ గాలి అందదు; కప్పబడిన మొదలు తడిలో నాని బెరడు కుళ్ళుతుంది. నిల్వ ఉన్న ఆహారంతో చెట్టు కొంతకాలం పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి, చివరికి అది ఎండినప్పుడు మెరకను ఎవరూ అనుమానించరు. కనీసం కొమ్మల అంచు వరకు పాత నేల మట్టాన్ని అలాగే ఉంచి, చుట్టూ రాతి గోడ కట్టి, లోపల వాన నీరు నిలవకుండా తూము పెట్టాలి. దుకాణాల ముందు మొదలు చుట్టూ సిమెంటు పోయడం కూడా ఇంతే హాని చేస్తుంది.

అపోహ: తుఫానుల కాలానికి ముందే తల నరికేస్తే చెట్టు పడదు.

వాస్తవం: 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసిన కోనసీమ వాసుల భయాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ తల నరికిన చోట గుబురుగా లేచే పిలకలకు పాత కొమ్మల పట్టు ఉండదు. అవి లోపలి చెక్కలోంచి కాక పైపొర నుంచే పుడతాయి కాబట్టి, బరువెక్కాక గాలికి మొదలంటా ఊడిపడతాయి. మొండి కోతల గుండా నీరు దిగి చెక్క పుచ్చిపోతుంది. నరకడానికి బదులు ఎండిన కొమ్మలను, ఒకదానితో ఒకటి ఒరుసుకునే వాటిని తీసి గాలికి దారి ఇవ్వాలి. ఒక్కసారిగా పచ్చకొమ్మలో నాలుగో వంతుకు మించి తీయరాదు. కొమ్మ పుట్టిన చోట కనిపించే ఉబ్బును వదిలి, దాని వెలుపల కోస్తే గాయాన్ని చెట్టే కప్పుకుంటుంది. తారు, రంగు పూయనవసరం లేదు. మామిడికైతే ఈ పని కాయ కోత ముగిసిన వెంటనే చేయాలి. అక్టోబరు దాకా ఆగి కోస్తే, శీతాకాలంలో పూత పూయవలసిన రెమ్మలే పోతాయి.

అపోహ: పండుగకు కొబ్బరి పచ్చమట్టలు కొట్టి మొవ్వు శుభ్రం చేయాలి.

వాస్తవం: ప్రతి మట్ట మొదట్లో ఒక గెల పుడుతుంది, కొత్త మట్ట రావడానికి సుమారు నెల పడుతుంది. ఎనిమిది మట్టలు కొడితే ఆ లోటు తీరడానికి ఎన్ని నెలలో లెక్క వేసుకోవచ్చు. పైగా పచ్చి గాయాల వాసనకు, కాండాన్ని లోపలినుంచి తొలిచే ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. ఎండిన మట్టలనే తీయాలి. పచ్చమట్ట కోయక తప్పకపోతే మొదట్లో 120 సెంటీమీటర్ల మేర వదలాలి.

అపోహ: వేసవిలో రోజూ చెట్టు మొదట్లో నాలుగు చెంబుల నీళ్ళు పోస్తే చాలు.

వాస్తవం: కాలువలు కట్టేసే ఆ నెలల్లో పెద్ద చెట్టుకు కొమ్మల అంచు కింద పాదు చేసి, కొన్ని రోజులకొకసారి నేల లోతుగా తడిసేలా పెట్టాలి. పాదు మీద కొబ్బరి డొక్కలు పరచి, మొదలును మాత్రం తాకనివ్వకూడదు. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీటి ఉప్పదనం ముందుగా పరీక్షించుకోవాలి.

మొదళ్ళకు వేసే సున్నం, జాజు పట్టీలు అందానికే. లోపలి పురుగును అవి ఆపవు.

అపోహ: కడియం నర్సరీ నుంచి ఎంత పెద్ద మొక్క తెస్తే అంత త్వరగా నీడ వస్తుంది.

వాస్తవం: సంచిలో ఎక్కువ కాలం పెరిగిన మొక్క వేళ్ళు చుట్టలు చుట్టుకుంటాయి; విప్పకుండా నాటితే, గాలివాన వచ్చిన రోజున ఆ చెట్టు వేరుముద్దతో సహా పెళ్ళగిలుతుంది. వేళ్ళు పక్కలకు పాకుతున్న చిన్న మొక్కనే ఎంచుకోవాలి. చుట్టుకున్న వేళ్ళు ఉంటే నాటే రోజే విప్పాలి, విడిపోని వాటిని కత్తిరించాలి. కాండం, వేళ్ళు కలిసే చోటు నేలకు సమానంగా ఉండాలి. గుంతలో లోతుగా దింపకూడదు.