లూపస్‌లో రోగనిరోధక కణాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: తెల్లకణాలు తగ్గాయంటే ఇమ్యూనిటీ పడిపోయినట్టే. తిప్పతీగ కషాయమో, బూస్టర్ పొడో తాగాలి.

లూపస్ (రోగనిరోధక కణాలు సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్న ఇళ్లలో ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. రిపోర్టులో మొత్తం తెల్లకణాలు 3,800, వాటిలో ఒక రకమైన లింఫోసైట్లు 20 శాతం అని ఉందనుకోండి. శాతం నార్మల్ గీతలోనే ఉందని ఊరుకోకండి, లెక్క కట్టండి: 3,800లో 20 శాతం 760. వెయ్యి కూడా లేవు. జబ్బు రేగినప్పుడు ఇలా పడిపోవడం మామూలే. చాలామందిలో ఎముక మజ్జ కణాలను తయారు చేస్తూనే ఉంటుంది. కానీ లింఫోసైట్లకు వ్యతిరేకంగానే యాంటీబాడీలు (దాడికి వాడే ప్రోటీన్లు) పుడతాయి, కొన్ని గడువు తీరకముందే చచ్చిపోతాయి, కొన్ని రక్తం వదిలి జబ్బుపడ్డ అవయవాల్లో చేరతాయి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ వాడుతుంటే అదీ ఈ అంకెను తగ్గిస్తుంది. రక్తంలో లెక్క తగ్గింది గానీ సొంత ఒంటి మీద దాడి తగ్గలేదు. అలాగని ఇన్ఫెక్షన్ల భయం లేదనీ కాదు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి, లూపస్ చిక్కే అది.

ఇలాంటి స్థితిలో కణాలను ఇంకా రెచ్చగొట్టే మూలికలు పనికిరావు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశంలోని వైద్యులే నమోదు చేశారు. ఆ దెబ్బలో ఆటో ఇమ్యూన్ లక్షణాలు కనిపించడం గమనించాల్సిన విషయం. అమెరికాలో ఉన్నవాళ్లు ఎకినేషియా అనే మూలిక మాత్రలకూ, అల్ఫాల్ఫా మొలకలకూ దూరంగా ఉండండి. అల్ఫాల్ఫాలోని ఎల్-కెనవనైన్ అనే పదార్థం లూపస్‌ను రేపగలదు.

ఇంకో మాట. లూపస్‌కు వాడే అజాథయోప్రిన్ మొదలుపెట్టిన కొద్ది వారాల్లో తెల్లకణాలు దబ్బున పడిపోతే జబ్బు కంటే ముందు మందును అనుమానించాలి. మనవాళ్లలో కొందరికి ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉంటుంది. వాళ్ల ఒళ్లు మామూలు మోతాదును కూడా తట్టుకోదు. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, తొలి నెలల్లో రక్తపరీక్షలు దగ్గర దగ్గరగా చేయిస్తారు. బాగానే ఉన్నాం కదా అని వాటిని ఎగ్గొట్టకండి.

అపోహ: ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది, ఇక లూపసే.

కాదు. ఏఎన్ఏ అంటే కణ కేంద్రకాల మీద పుట్టే యాంటీబాడీల పరీక్ష. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ రక్తాన్ని 1:80గా పలచన చేసిన దగ్గర నూటికి పది మందికి పైగా, 1:160 దగ్గర అయిదుగురి దాకా పాజిటివ్ వస్తుంది. 2019 నాటి వర్గీకరణ ప్రమాణాల్లో ఏఎన్ఏ లోపలికి రానిచ్చే టికెట్టు మాత్రమే. ఆ తరవాత లక్షణాలకూ, డీఎస్‌డీఎన్ఏ, యాంటీ-స్మిత్ (యాంటీబాడీలు), సి3, సి4 (రోగనిరోధక ప్రోటీన్లు) లాంటి పరీక్షలకూ వేసిన మార్కులు 10కి చేరాలి. ఒళ్లునొప్పులకు ఫుల్ బాడీ ప్యాకేజీలో ఏఎన్ఏ కలిపి చేయించుకుని, ఆ కాగితం పట్టుకుని నెలల తరబడి నిద్ర మానుకోవడం దండగ.

అపోహ: తప్పంతా యాంటీబాడీలదే, మిగతా కణాలు అమాయకం.

యాంటీబాడీ ఈ కథలో చివర కనిపించే పాత్ర. అసలు గొడవ చెత్త ఎత్తే దగ్గర మొదలవుతుంది. ఒంట్లో రోజూ కోట్ల కణాలు చనిపోతాయి, చెత్త ఎత్తే కణాలైన మాక్రోఫేజ్‌లు వాటిని గుట్టుగా మింగేస్తాయి. ఇది చెత్త అని గుర్తు వేసే పనిలో సి1క్యూ అనే ప్రోటీన్‌కు పెద్ద పాత్ర ఉంది. పుట్టుకతోనే అది లేనివాళ్లలో అత్యధికులకు లూపస్ వస్తుంది. ఎత్తని చెత్తలోంచి డీఎన్ఏ, ఆర్ఎన్ఏ బయటపడతాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కూడా తమ డీఎన్ఏను వలలా విసిరి చస్తాయి, దాంతో సరుకు మరింత పెరుగుతుంది. 1948లో మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం మజ్జలో చూసిన ఎల్ఈ కణం ఈ గొడవకు తొలి ఆనవాలు: ఇంకో కణపు కేంద్రకాన్ని మింగి ఉబ్బిన న్యూట్రోఫిల్.

ఆ డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ముక్కలను ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ కణాలు అనే కాపలా కణాలు టీఎల్ఆర్7, టీఎల్ఆర్9 అనే గ్రాహకాలతో పట్టుకుని వైరస్ అని పొరబడతాయి. వెంటనే వైరస్ వచ్చిందని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను కుమ్మరిస్తాయి. వైరల్ జ్వరంలో వచ్చే నీరసం, ఒళ్లునొప్పులు లూపస్‌లో నెలల తరబడి ఉండటానికి ఇదో ముఖ్య కారణం. ఇంటర్‌ఫెరాన్ వేడికి టి కణాలు రేగుతాయి, అవి బి కణాలను ఎగదోస్తాయి (రెండూ లింఫోసైట్లే). బి కణాల్లో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి సొంత డీఎన్ఏ మీదే యాంటీబాడీలు పోస్తాయి. టీఎల్ఆర్7 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. స్త్రీలలో రెండో ఎక్స్ మీది ప్రతి కూడా కొన్ని కణాల్లో మూతపడకుండా పనిచేస్తుంది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే ఎందుకన్న ప్రశ్నకు దొరికిన జవాబుల్లో ఇదొకటి.

లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర దెబ్బ కొట్టేది ఈ టీఎల్ఆర్‌ల దగ్గరే. అది నొప్పి మాత్ర కాదు, రెండు మూడు నెలలకు గానీ ఫలితం తెలియదు. మోతాదు కిలో బరువుకు రోజుకు 5 మి.గ్రా. దాటకూడదు. 60 కిలోలవారికి 300 మి.గ్రా., అంటే ఒకరోజు 200, మరునాడు 400. కంటి పరీక్ష మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్ల తరవాత ఏటా. కిడ్నీ పనితీరు తగ్గినవారికి ఇంకా ముందే మొదలుపెట్టాలి. గర్భం వచ్చిందని ఈ మందు మానేయడం పెద్ద పొరపాటు. గర్భానికి ముందే ఆపాల్సింది మైకోఫినోలేట్ అనే మరో లూపస్ మందు, అదీ కనీసం ఆరు వారాల ముందు, వేరే మందుకు మార్చుకుని.

అపోహ: బి కణాలను ఖాళీ చేసే ఇంజెక్షన్‌తో జబ్బు వేళ్లతో సహా పోతుంది.

ఆ ఇంజెక్షన్ పేరు రిటుక్సిమాబ్, అది సీడీ20 గుర్తు ఉన్న బి కణాలను చంపుతుంది. మజ్జలో ఏళ్ల తరబడి కూర్చునే ప్లాస్మా కణాలకు ఆ గుర్తు ఉండదు, అవి యాంటీబాడీలు చేస్తూనే ఉంటాయి. పైగా బి కణాలు ఖాళీ అయ్యాక వాటిని పోషించే బ్లిస్ అనే ప్రోటీన్ పెరిగి, తిరిగొచ్చే కణాలకు మేత అవుతుంది. లూపస్‌లో ఈ మందు పెద్ద ట్రయల్స్ లక్ష్యం అందుకోలేదు. అయినా మొండి కేసుల్లో వాడతాం, కొందరికి బాగా పనిచేస్తుంది. ఇంజెక్షన్‌కు కనీసం రెండు నుంచి నాలుగు వారాల ముందే ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోండి. బి కణాలు లేనప్పుడు వేస్తే టీకా సరిగా పట్టదు.

జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు 2022లో అయిదుగురు రోగులపై కార్-టి చికిత్స ఫలితాలు ప్రచురించారు. రోగి టి కణాలనే తీసి, సీడీ19 గుర్తు ఉన్న బి కణాలను వేటాడేలా మార్చి, తిరిగి ఎక్కించారు. అయిదుగురూ మందులు మానగలిగారు. కొన్ని నెలలకు తిరిగొచ్చిన బి కణాలు తప్పుడు పాఠం నేర్వని కొత్తవి. ఫలితం ఆశ పెట్టేదే, కానీ ఆ నివేదికలో ఉన్నది అయిదుగురే. వేలాదిమంది మీద నిలిచిన మందులను పక్కన పెట్టి దీనికోసం కూర్చోకూడదు.

అపోహ: సీఆర్‌పీ నార్మల్, కాబట్టి లూపస్ సద్దుమణిగింది.

ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ. లూపస్ రేగినా సీఆర్‌పీ చాలాసార్లు పెరగదు. కాలేయం దాన్ని తయారు చేయకుండా ఇంటర్‌ఫెరాన్ అడ్డుకుంటుంది. ఈఎస్ఆర్ (వాపును చూపే ఇంకో రక్తపరీక్ష) పెరిగి, సి3, సి4 తగ్గి, సీఆర్‌పీ మామూలుగా ఉంటే జబ్బు రేగిందని అనుమానం. జ్వరంతో సీఆర్‌పీ బాగా పెరిగితే ముందు ఇన్ఫెక్షన్ వెతకాలి, మన దగ్గరైతే టీబీని మరవకూడదు. గుండె, ఊపిరితిత్తుల పొరల వాపులో మాత్రం లూపస్ వల్లే సీఆర్‌పీ పెరగొచ్చు.

అపోహ: నడుము నొప్పి లేదు, మూత్రం ధారాళంగా వస్తోంది, కిడ్నీలు బాగున్నట్టే.

యాంటీబాడీలు, డీఎన్ఏ కలిసిన ముద్దలు కిడ్నీ వడపోత గుచ్ఛాల్లో చేరి, తెల్లకణాలను రప్పించి ఆ గుచ్ఛాలను దెబ్బతీస్తాయి. నొప్పి ఉండదు, క్రియాటినిన్ చాలాకాలం నార్మల్‌గానే చూపిస్తుంది. మొదట బయటపడేది మూత్రంలో ప్రోటీన్. ఉదయం తొలి మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి మూడు నెలలకోసారి చూపించుకోండి. 0.5 దాటి, మళ్లీ చేసినా అలాగే ఉంటే బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) మాట వస్తుంది, వాయిదా వేయకండి.