ఎవర్రా అది?

చిట్టితల్లికీ, తమ్ముడికీ, పక్కింటి పిల్లలకీ విశాఖపట్నం నుంచి తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోను పెట్టేశాక నీ ప్రశ్న నన్ను వదల్లేదమ్మా. "తమ్ముణ్ణి కొట్టిందీ నేనే, కొట్టినందుకు ఏడ్చిందీ నేనే. మరి నాలో ఇద్దరున్నారా తాతయ్యా?" అన్నావు. ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర మా ఇంటికి వీధి అరుగు ఉండేది. మా నాయనమ్మ పొద్దున్నే వచ్చి దాని మీద కూర్చునేది. కళ్లకి శుక్లాలు, ఎదుట మనిషి నీడలా కనిపించేవాడంతే. వేళ్లకి విబూది అద్దుకుని దూది వత్తులు చేసుకుంటూ ఉండేది. గుమ్మంలో అడుగు పడగానే, చేతిలో పని ఆపకుండానే, "ఎవర్రా అది?" అనేది. చేపల బుట్టతో వచ్చే మనిషినీ అదే మాట, పోస్టుమాన్‌నీ అదే మాట, ఎదురింటి పిల్లినీ అదే మాట. పని ఉన్నవాళ్లు పేరు చెప్పి లోపలికి వెళ్లేవారు. ఊరికే వచ్చినవాళ్లు అట్నుంచటే తిరిగిపోయేవారు. కర్ర పట్టుకుని ఎవర్నీ తరమలేదావిడ.

మనసుకీ అలాంటి గుమ్మం ఉంది. కోపం వస్తుంది, పరీక్షల టెన్షన్ వస్తుంది, స్నేహితురాలికి కొత్త సైకిల్ కొన్నారని ఉడుకుమోత్తనం వస్తుంది. అరుగు మీద మనిషి లేకపోతే ఇవన్నీ తిన్నగా వంటింట్లోకి పోయి కుండలు పగలగొడతాయి. మనిషి ఉంటే, "ఎవర్రా అది? కోపమా?" అంటుంది. పొమ్మని కసరక్కర్లేదు. పేరు పెట్టి పలకరించగానే కోపానికి నడక నెమ్మదిస్తుంది. ఒక్కోసారి అరుగు చివర కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోతుంది. నువ్వు తమ్ముణ్ణి కొట్టినప్పుడు అరుగు ఖాళీగా ఉంది. ఏడుపొచ్చిందీ అంటే నాయనమ్మ తిరిగొచ్చి కూర్చుందన్నమాట.

నాకు పదేళ్లప్పుడు తాతగారి చొక్కా జేబులోంచి అర్ధరూపాయి తీశాను, సినిమా కోసం. గుప్పిట బిగించి గుమ్మం దాటుతుంటే, "ఎవర్రా? సిన్నోడా? అడుగు తేడాగా పడతందేటి?" అంది. తలెత్తనైనా లేదు. నా అడుగు నాకు అప్పుడే వినబడింది. గుప్పిట్లో బిళ్ల చెమటకి తడిసిపోయింది. వెనక్కి వెళ్లి జేబులో వేసేశాను. తిట్టి ఉంటే అబద్ధమాడి సినిమాకే పోయేవాణ్ణి. అందుకే చెబుతున్నాను పిల్లలూ, తప్పు చేసినప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అడుగు ఎలా పడుతోందో వినండి.

సరే, అరుగు మీద కూర్చుని అడిగేది ఎవరు? నీ ప్రశ్నలో పెద్దది ఇదే. మన బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని మహాపండితుడు. ఏళ్ల తరబడి మంత్రజపం చేసినా తృప్తి కలగలేదు. 1907లో అరుణాచలం కొండ మీద విరూపాక్ష గుహలో ఉన్న ఇరవయ్యేడేళ్ల స్వామి దగ్గరికి వెళ్లి, తపస్సంటే ఏమిటని అడిగారు. 'నేను, నేను' అనేది ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అని ఆ స్వామి చెప్పారు. ఆయనకి భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టింది మన కావ్యకంఠులే.

అంటే "ఎవర్రా అది?" అన్న మాటని అడిగేవాడి వైపే తిప్పడం. నేనూ ఎన్నోసార్లు తిప్పి చూశాను. లోపల మాటలన్నీ ఆగిపోయి, ఒళ్లు ఝల్లుమంటుంది. అక్కడి నుంచి చెప్పడం నా వల్ల కాదు తల్లీ, చూసుకోవాల్సిందే.

కార్తీక మాసం పిక్నిక్‌కి వస్తారుగా, భీమిలి రోడ్డులో తొట్లకొండకి వెళ్దాం. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాళ్లు రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, కొండకి ఆ పేరు వాటివల్లే. ఊపిరి లోపలికి వస్తోందని తెలుసుకోవడం, బయటికి పోతోందని తెలుసుకోవడం వాళ్ల సంప్రదాయంలో పెద్ద సాధన. ఆనాపానసతి అంటారు. సముద్రం వైపు తిరిగి మనమూ కాసేపు అలా కూర్చుందాం. పులిహోర తర్వాత తిందాం.

ఈలోగా రోజూ పడుకునే ముందు, ఆ పూట గుమ్మంలోకి ఎవరెవరు వచ్చారో ఒక కాగితం మీద రాసిపెట్టు. తమ్ముడికి ఇంకా రాయడం రాదు కదా, వాడివి అడిగి నువ్వే రాయి.

మీ తాతయ్య