అయస్కాంత పొరల జోసెఫ్‌సన్ జంక్షన్లు: అపోహలు - వాస్తవాలు

జోసెఫ్‌సన్ జంక్షన్ అంటే రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పలచని అడ్డుపొర పెట్టిన అమరిక; నిరోధం లేని కరెంటు (సూపర్‌కరెంటు) ఆ పొరను దాటగలదు. సూపర్‌కండక్టర్ అయిన రెండు నయోబియం డైసెలినైడ్ ఫ్లేక్‌ల (పలచని రేకుల) మధ్య ఫెర్రోమాగ్నెట్ (అయస్కాంత పదార్థం) అయిన క్రోమియం జెర్మేనియం టెల్యూరైడ్‌ను పెట్టి కట్టే జంక్షన్ల సంగతి ఇది.

అపోహ: మధ్యలో అయస్కాంతం ఉంటే సూపర్‌కరెంటు దాటదు.
వాస్తవం: కొన్ని నానోమీటర్ల మందమైతే దాటుతుంది. ఒక్కో పొర దాదాపు 0.7 నానోమీటర్లే.

అపోహ: సూపర్‌కండక్టర్ ఎంత పలచనైతే అంత మంచిది.
వాస్తవం: మందపాటి నయోబియం డైసెలినైడ్ 7.2 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది. ఒకే పొరైతే 3 కెల్విన్ దాకా పడిపోతుంది, 4.2 కెల్విన్ ద్రవ హీలియం సరిపోదు. 20 నానోమీటర్ల ఫ్లేక్ తీసుకోండి.

అపోహ: సూపర్‌కరెంటు బాగా వస్తే జంక్షన్ బాగున్నట్టే.
వాస్తవం: మరీ ఎక్కువొస్తే ముందు అనుమానించాలి. అయస్కాంతం అంచు దాటి పై ఫ్లేక్ కింది ఫ్లేక్‌ను తాకితే, ఆ తాకిన చోటే ఇంకో జోసెఫ్‌సన్ జంక్షన్! అందుకే అయస్కాంత ఫ్లేక్ అన్ని వైపులా 1-2 మైక్రోమీటర్లు బయటికి ఉండాలి. అదే చిప్ మీద అయస్కాంతం లేని జంక్షన్ కూడా ఒకటి కట్టండి, పోల్చుకోడానికి.

అపోహ: ఫ్రాన్‌హోఫర్ నమూనా (అయస్కాంత క్షేత్రం మారుస్తుంటే జంక్షన్ మోయగల గరిష్ఠ సూపర్‌కరెంటు పెరిగి తగ్గే తీరు) పక్కకు జరిగితే అయస్కాంతత్వం రుజువైనట్టే.
వాస్తవం: ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ముందు పీరియడ్ (నమూనాలో ఒక కనిష్ఠం నుంచి పక్క కనిష్ఠానికి క్షేత్రం ఎంత మారాలో అది) లెక్కేయండి. వెడల్పు 3 మైక్రోమీటర్లు, అడ్డుపొర 6, ఎలక్ట్రోడ్లు (రెండు నయోబియం డైసెలినైడ్ ఫ్లేక్‌లు) చెరో 20 నానోమీటర్లు అనుకుందాం. ఇంత పలచని ఎలక్ట్రోడ్లలోకి క్షేత్రం చొచ్చుకుపోతుంది కాబట్టి ఒక్కోదాని సగం మందం కలపాలి: 6+10+10, అంటే 26 నానోమీటర్లు. ఫ్లక్స్ క్వాంటమ్ (సూపర్‌కండక్టర్లలో అయస్కాంత ఫ్లక్స్‌కు మూల ప్రమాణం) 2.07×10⁻¹⁵ వెబర్‌ను వెడల్పు×ఈ మందం వైశాల్యంతో భాగిస్తే పీరియడ్ సుమారు 27 మిల్లీటెస్లా. సూపర్‌కండక్టింగ్ కాయిల్‌లో మిగిలిపోయే కొద్ది మిల్లీటెస్లాలు చాలు దీన్ని కదపడానికి. అయస్కాంతం లేని జంక్షన్‌లోనూ అంతే జరుగుడు కనిపిస్తే తప్పు కాయిల్‌దే.

ఇరుక్కున్న వోర్టెక్సులు (సూపర్‌కండక్టర్‌లో చిక్కుకున్న అయస్కాంత ఫ్లక్స్ సుడులు) ఇంకో దొంగ. క్షేత్రం సున్నాకు తెచ్చి, 10 కెల్విన్ దాకా వేడిచేసి, మళ్లీ చల్లార్చండి. వోర్టెక్సులు పోతాయి. అయస్కాంతం మాత్రం దాదాపు 60 కెల్విన్ దాకా క్రమం కోల్పోదు. నమూనా జరుగుడు మాయమైతే అది వోర్టెక్సుల పనే.

అపోహ: క్రిటికల్ కరెంటు (జంక్షన్ మోయగల గరిష్ఠ సూపర్‌కరెంటు) కొలిస్తే π జంక్షనో (రెండు సూపర్‌కండక్టర్ల క్వాంటమ్ తరంగాల ఫేజ్ తేడా సున్నాకు బదులు π దగ్గర స్థిరపడేది) కాదో తెలిసిపోతుంది.
వాస్తవం: ఒంటరి జంక్షన్‌లో మనకు దొరికేది పరిమాణమే, గుర్తు కాదు. మందంతోనో, ఉష్ణోగ్రతతోనో కరెంటు దాదాపు సున్నాకు పడి మళ్లీ లేస్తే అది బలమైన సూచన. రాగి-నికెల్ అడ్డుపొరతో 2001లో రియజనోవ్ బృందం చూపింది ఇదే, ఉష్ణోగ్రత మారుస్తూ. ఫేజ్‌నే నేరుగా చూడాలంటే జంక్షన్‌ను స్క్విడ్ లూప్‌లో (జోసెఫ్‌సన్ జంక్షన్లున్న సూపర్‌కండక్టింగ్ వలయంలో) పెట్టాల్సిందే.